జానలు, మూరలు, అడుగులు: పిల్లల చేతులూ కాళ్ళతోనే కొలతలు, అనుపాతం నేర్పడం ఎలా?

లెక్కల టీచర్ | ప్రకాశం జిల్లా

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. ఆరో తరగతికి కొలతలు, నిష్పత్తి–అనుపాతం రెండు పాఠాలూ నావే. ఈసారి వాటిని విడివిడిగా కాకుండా ఒకే తాడుగా పేని, పిల్లల శరీరాలతోనే మొదలుపెట్టాలనుకున్నాను. మొదటి పీరియడ్ ఎంతో బాగా సాగింది. అక్కడి నుంచి ముందుకు ఎలా వెళ్ళాలో మీ అనుభవం కావాలి.

తరగతిలోని పొడవాటి బల్లను జానలతో కొలవమన్నాను. ముందు వరసలో కూర్చునే చిన్న అమ్మాయికి సరిగ్గా 12 జానలు వచ్చాయి. వెనక బెంచీ పొడుగాటి అబ్బాయికి పది, ఆపైన మరికాస్త. నేను కొలిస్తే తొమ్మిది. "టీచర్, మీరే తప్పు కొలిచారు, మేమందరం పది దాటాం" అన్నాడు ఒకడు. తరగతి రెండుగా చీలింది. ఎక్కువ మంది చెప్పిందే నిజమని కొందరు, టీచర్ చెప్పిందే నిజమని కొందరు. ఆ అమ్మాయి మాత్రం తన చేతిని నా చేతికి ఆనించి చూసి, "మీ జానలో నా జాన పట్టి ఇంకా మిగులుతోంది టీచర్" అంది.

పాఠ్యపుస్తకం ఇక్కడ తొందరగా తేల్చేస్తుంది. ఒక్కొక్కరి జాన ఒక్కో పొడవు, కాబట్టి అందరికీ ఒకే కొలత కావాలి, అదే సెంటీమీటరు. మాట సరైనదే. కానీ ఆ అమ్మాయి చూసినది అంతకంటే పెద్ద విషయం. తేడాను తప్పుగా భావించి దాటేస్తే, అందులో ఉన్న అనుపాతాన్ని కూడా దాటేసినట్టే. దాన్ని పిల్లల చేతే ఎలా పట్టించాలి?

భౌతికశాస్త్రం | వరంగల్

టీచర్ గారూ, మీ బల్లలోనే విలోమానుపాతం పాఠమంతా ఉంది. ఆ అమ్మాయి జానను స్కేలుతో కొలిపించండి. 15 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. మీది 20 దగ్గర ఉంటుంది. 12ను 15తో, 9ని 20తో హెచ్చించమనండి. రెండు చోట్లా 180. జాన చిన్నదైతే లెక్క పెద్దది, జాన పెద్దదైతే లెక్క చిన్నది, లబ్ధం మాత్రం బల్లది కాబట్టి కదలదు. ఆ తర్వాత పొడుగాటి అబ్బాయి జాన ఎంత ఉంటుందో కొలవకముందే చెప్పమనండి. 180ని 10తో భాగిస్తే 18. అతనికి పది దాటింది కాబట్టి 18 కంటే కాస్త తక్కువ ఉండాలి. అప్పుడు స్కేలు పెట్టి చూడమనండి. ముందు ఊహించి తర్వాత కొలిచినప్పుడు పిల్లల ముఖాల్లో కనిపించే వెలుగు, కొలిచిన తర్వాత సూత్రం చెబితే కనిపించదు.

లబ్ధాలు అందరికీ సరిగ్గా 180 రావు. ఒకరికి 174, ఇంకొకరికి 186 వస్తుంది. వాటిని చెరిపి 180 రాయించకండి. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చూపించండి. చిటికెనవేలు ఆనిన చోటే బొటనవేలు పెట్టాలి కదా, చాలామంది పిల్లలు చేతిని ఎత్తి వేస్తారు. ఎత్తినప్పుడల్లా ఒక వేలి వెడల్పు సందు మిగిలిపోతుంది, లేదా జాన మీద జాన ఎక్కుతుంది. నాలుగైదు జానల తర్వాత వేళ్ళు అలసి జానే చిన్నదవుతుంది. చిటికెనవేలు ఆనిన ప్రతిచోటా సుద్దముక్కతో గీత పెట్టిస్తే సగం దోషం పోతుంది. కొలతలో దోషం ఎలా పుడుతుందో ఇంత దగ్గరగా చూపించే సాధనం ప్రయోగశాలలో కూడా లేదు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు | కాకినాడ

అమ్మా, మీ ఉత్సాహం మెచ్చుకోదగినది. అయినా ఒక సందేహం చెప్పాలి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం 1956లో అయింది, మెట్రిక్ పద్ధతి 1958 అక్టోబరు 1 నుంచి దశలవారీగా అమల్లోకి వచ్చింది. శేర్లు, వీశెలు, మూరలు నేర్చుకుని, వాటిని వదిలించుకుని కిలోలు, మీటర్లు నేర్చుకున్న తరం మాది. బజారులో తూకం మోసాలు, గుడ్డ కొట్టులో మూర మోసాలు ఎలా ఉండేవో కళ్ళారా చూశాం. చేతి కొలతలను మళ్ళీ తరగతిలోకి తెస్తే పిల్లలకు ప్రామాణిక కొలత మీద గౌరవం తగ్గదా? పైగా పాఠ్య ప్రణాళిక నెత్తిన ఉంటుంది. ఒక పీరియడ్ సరే, దాన్నే వారాల తరబడి సాగదీస్తే మిగతా పాఠాల సంగతి ఏమిటి?

డైట్ అధ్యాపకురాలు | కర్నూలు

మాస్టారూ, మీ మాటలో సగం నేనూ ఒప్పుకుంటాను. చేతి కొలతల దగ్గరే ఆగిపోతే నష్టమే. కానీ టీచర్ గారు అడుగుతున్నది జానను మీటరు స్థానంలో పెట్టడం గురించి కాదు. మీరు చెప్పిన మూర మోసాన్నే తరగతిలోకి తెమ్మంటాను. ఈ రోజుకీ పూలు మూరల లెక్కనే అమ్ముతారు. అమ్మే ఆమె చెయ్యి పొట్టిదైతే కొనేవాళ్ళకు నష్టం, పొడుగైతే ఆమెకు నష్టం. ఎవరి మూరతో కొలవాలి అని పిల్లల్ని అడిగితే, అందరికీ ఒకే కొలత ఎందుకు అవసరమో వాళ్ళే వాదించి తేలుస్తారు. అలా తేల్చుకున్న తర్వాత మీటరు మీద కలిగే గౌరవం మనం చెప్పి రుద్దినదానికంటే గట్టిది.

అనుపాతం విషయానికి వస్తే, పిల్లలు ఎక్కడ జారుతారో చెబుతాను. మా డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ)లో శిక్షణలో ఉన్న ఛాత్రోపాధ్యాయులను బడులకు పంపినప్పుడు ఈ ప్రశ్న ఇచ్చి పంపుతాను: "నీ పాదం 21 సెంటీమీటర్లు, నీ ఎత్తు 135. బడి వెనక బురదలో 27 సెంటీమీటర్ల పాదం గుర్తు కనబడింది. ఆ మనిషి ఎంత ఎత్తు ఉండవచ్చు?" చాలామంది పిల్లలు 141 అంటారు. 27లో నుంచి 21 తీసేస్తే 6, ఆ 6ను 135కి కలిపేస్తారు. కూడిక ఆలోచన అంటే ఇదే. నిష్పత్తి సూత్రం అప్పజెప్పగల పిల్లలు కూడా ఇక్కడ కూడికకే దిగుతారు.

"తప్పు" అని చెప్పి ఎర్రగీత పెట్టకండి. అదే లెక్కను వెనక్కి నడిపించండి. "సరే, కలపడమే పద్ధతి అయితే తీసేయడం కూడా చెల్లాలి. ఇప్పుడే పుట్టిన పాప ఎత్తు 50. నీకంటే 85 తక్కువ. మరి పాప పాదం 21లో నుంచి 85 తీసేస్తే ఎంత?" సున్న కంటే కిందికి పోయే పాదం ఎక్కడా ఉండదు. తరగతి గొల్లుమంటుంది, కూడిక తనంతట తానే కూలిపోతుంది. అప్పుడు "నీ ఎత్తులో నీ పాదాలు ఎన్ని పడతాయి?" అని అడగండి. 135ను 21తో భాగిస్తే ఆరున్నరకు కాస్త తక్కువ. బురదలో నడిచిన మనిషికి కూడా సుమారుగా అన్ని పాదాలే పడతాయనుకుంటే, 27 పెట్టి లెక్కిస్తే 173 దాటుతుంది. 141 సెంటీమీటర్ల మనిషికి అంత పాదం ఉంటుందా అని వాళ్ళ ఇంట్లో పెద్దవాళ్ళ పాదాలు కొలిచి రమ్మనండి. ఇంటిపని అంటే అలాంటిది ఇవ్వాలి.

ఈ ఒక్క మెట్టు ఎక్కడానికి రెండు మూడు పీరియడ్లు పోయినా, ఏడో తరగతి శాతాలు, ఎనిమిదో తరగతి అనులోమ విలోమానుపాతాలు, పదో తరగతి సరూప త్రిభుజాలు అన్నింట్లో ఆ సమయం తిరిగి వస్తుంది మాస్టారూ.

లెక్కల టీచర్ | ప్రకాశం జిల్లా

కర్నూలు మేడమ్ గారికి ధన్యవాదాలు. బురద గుర్తు ప్రశ్న ఇవాళే ఇచ్చాను. మీరు చెప్పినట్టే 141 అనే జవాబులు కుప్పలుగా వచ్చాయి. పసిపాప పాదం దగ్గరికి వచ్చేసరికి నవ్వులు ఆగలేదు. ఆ నవ్వుల మధ్యే బల్ల కొలిచిన చిన్న అమ్మాయి నిలబడి, "పాప పాదం పాప ఎత్తుకు తగ్గట్టు ఉండాలి, నా ఎత్తుకు తగ్గట్టు కాదు" అంది. నల్లబల్ల మీద ఆ వాక్యమే పాఠం పేరుగా రాశాను.

ఆ వెంటనే ఇంకొకరు అడిగిన ప్రశ్నకు జవాబు మీలో ఎవరైనా చెప్పాలి. "పాపకు కూడా ఎత్తులో ఆరున్నర పాదాలే పడతాయా? తల కూడా మనకు ఉన్నట్టే ఉంటుందా?"

శిల్పవిద్య | ఆళ్ళగడ్డ

మా ఇంట్లో తాతల నాటి నుంచి రాతిపనే. ఆ ప్రశ్న అడిగిన పిల్లవాడిని మా శిల్పశాలకు తీసుకురండి టీచర్ గారూ, మేము రోజూ చేసే పని అదే.

పుట్టిన బిడ్డకు తల మొత్తం ఎత్తులో నాలుగో వంతు. పెద్దవాళ్ళలో ఏడున్నర నుంచి ఎనిమిదో వంతు. అంటే పెద్దమనిషిని కుదించి చిన్నగా చెక్కితే పసిబిడ్డ కాదు, మరుగుజ్జు పెద్దమనిషి అవుతాడు. అందుకే శిల్పశాస్త్రంలో బాలమూర్తికి వేరే కొలత, దేవతామూర్తికి వేరే కొలత. దీన్ని తాళమానం అంటారు. తాళం అంటే జుట్టు మొదలు నుంచి గడ్డం వరకు ముఖం పొడవు. మణికట్టు నుంచి నడిమివేలి కొన వరకు అరచేయి కూడా దాదాపు అంతే ఉంటుంది. పిల్లలు అరచేతిని ముఖానికి ఆనించి చూసుకోవచ్చు, నవ్వుతూ నేర్చుకుంటారు. బాలమూర్తి ఐదు తాళాలు, కుమారుడు ఆరు, ఆపైన తొమ్మిది, పది తాళాలు.

మీ అనుపాతం పాఠానికి అసలు ఉపయోగపడేది ఇక్కడుంది. ఒక తాళానికి 12 అంగుళాలు. నవతాళ మూర్తి అంటే 108 అంగుళాలు. విని చాలామంది స్కేలు మీద ఉండే అంగుళం అనుకుని, అన్ని విగ్రహాలూ తొమ్మిది అడుగులు ఉంటాయా అని అడుగుతారు. ఈ అంగుళం స్కేలు మీది కాదు, విగ్రహానిది. దాన్ని దేహాంగుళం అంటాం. రాయి ఎంత ఎత్తు ఉందో చూసి, దాన్ని 108 భాగాలు చేస్తే ఒక భాగం ఆ విగ్రహానికి అంగుళం. ఆరడుగుల రాయి అయితే ఒక దేహాంగుళం మామూలు అంగుళంలో మూడింట రెండు వంతులు. పూజగదిలో పెట్టుకునే అడుగు విగ్రహం అయితే తొమ్మిదో వంతు. భాగం పొడవు మారుతుంది, భాగాల లెక్క మారదు.

ముఖం 12, మెడ 4, మెడ నుంచి గుండె వరకు 12, అక్కడి నుంచి నాభి వరకు 12, నాభి నుంచి కటి కింది వరకు 12, తొడలు 24, మోకాళ్ళు 4, పిక్కలు 24, పాదం ఎత్తు 4. కూడి చూడమనండి, 108 వస్తుంది. ముఖం ఎంతో గుండె నుంచి నాభి అంత, తొడ ఎంతో పిక్క అంత. మేము రాతి మీద మొదట చేసే పని ఉలి పెట్టడం కాదు. పైనుంచి కిందికి మధ్యసూత్రం అనే నిలువు గీత గీసి, దాని మీద ఈ భాగాలు గుర్తుపెట్టడం.

తరగతిలో చేయించాలంటే పొడవాటి కాగితపు పట్టీ చాలు. పిల్లవాడి ఎత్తుకు సరిపడా కత్తిరించి, సగానికి, మళ్ళీ సగానికి మడవమనండి. ఒక మడత ఎక్కడ పడిందో తన శరీరం మీద చూసుకోమనండి. పెద్దవాళ్ళకు సగం మడత కటి దగ్గర పడుతుంది, చిన్నపిల్లలకు అంతకంటే పైన, నాభి వైపు జరుగుతుంది. ఇంట్లో తమ్ముడికీ చెల్లెలికీ పట్టీ కత్తిరించి తెమ్మంటే, కాళ్ళు ఎలా పొడవెక్కుతూ వస్తాయో పట్టీలు పక్కపక్కన పెట్టగానే తెలుస్తుంది.

దర్జీ | నరసాపురం

ఆళ్ళగడ్డ సోదరుడు చెప్పింది మా బల్ల మీద కూడా నిజం. పసిపిల్లల చొక్కాను పెద్దవాళ్ళ చొక్కా కొలతలను సమానంగా తగ్గించి కుడితే తల పట్టదు. ఛాతీ 20 అంగుళాలున్న బిడ్డకు తల చుట్టుకొలత కూడా దానికి దగ్గర్లోనే ఉంటుంది. అందుకే చిన్నపిల్లల బట్టలకు భుజం మీద గుండీలు పెడతాం, మెడ తెరుచుకోవడానికి.

ఇంకొక మాట. కత్తిరింపులో ఛాతీ కొలతను నాలుగు భాగాలు చేసి, దానికి లూజు కలుపుతాం. ఛాతీ 32 అయితే పావు 8, లూజు ఒక అంగుళం కలిపి 9. ఛాతీ 40 అయితే పావు 10, లూజు కలిపి 11. 8కి 10 ఎలాగో 9కి 11 అలా కాదు కదా. నాలుగో వంతు నిష్పత్తి, లూజు కూడిక. మా పనిలో రెండూ ఉంటాయి. ఎక్కడ భాగించాలో, ఎక్కడ కలపాలో తెలియనివాడు ఎన్నేళ్ళు కుట్టినా గుడ్డ పాడుచేస్తాడు. పిల్లలకు ఈ తేడా కూడా చెప్పండి టీచరమ్మా.

భౌతికశాస్త్రం | వరంగల్

దర్జీ గారూ, మీరు ఇప్పుడు చెప్పింది ఇంటర్ మొదటి సంవత్సరం సరళరేఖ పాఠం. మూలబిందువు గుండా పోయే రేఖ ఒకటి, పైకి జరిగిన రేఖ ఒకటి. రేపు తరగతిలో మీ లూజుతోనే మొదలుపెడతాను.

ప్రవాసాంధ్ర తల్లి | డల్లాస్

దర్జీ గారి మాటకు తోడుగా చెప్పుల కొలత కూడా చేర్చండి. ఇండియాలో ఎక్కువగా వాడేది బ్రిటిష్ సైజులే. పెద్దవాళ్ళ సైజు రావాలంటే చెప్పు లోపలి అచ్చు పొడవును అంగుళాల్లో కొలిచి, మూడుతో హెచ్చించి, 25 తీసేయాలి. 11 అంగుళాల అచ్చుకు 33లో నుంచి 25 పోతే 8వ సైజు. 9 అంగుళాల అచ్చుకు 27లో నుంచి 25 పోతే 2వ సైజు. 8 అనేది 2కు నాలుగు రెట్లు, పొడవు మాత్రం నాలుగు రెట్లు కాదు, రెండంగుళాలే ఎక్కువ. సైజుకూ సైజుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే ఒక బార్లీ గింజ పొడవు. పాత ఇంగ్లండులో మూడు బార్లీ గింజలను అంగుళంగా లెక్కించేవారు.

మా పాపకు ఇక్కడి బడిలో అడుగులు, అంగుళాలు. సెలవులకు గుంటూరు వెళితే అమ్మమ్మ మూరలు, బారలు. రెండు మూరలు గజం, నాలుగు మూరలు బార అని అమ్మమ్మ చెబితే, మూర అడుగున్నర కాబట్టి గజం మూడడుగులు, బార ఆరడుగులు అని పాప అక్కడే కట్టేసింది. సెంటీమీటర్లు చివరికి ఎలాగూ వస్తాయి, ఒక కొలత నుంచి ఇంకొక కొలతలోకి మారడం అలవాటు కావడమే అసలు లాభం.

ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి తల్లి | కరీంనగర్

మీరందరూ సంతోషంగా రాస్తున్నారు. నేను మాత్రం ఒక బాధ చెప్పక తప్పదు. మా అమ్మాయి చదివే బడిలో ఇలాంటి పనే చేయించారు. ఎత్తు, బరువు, నడుము చుట్టుకొలత అందరివీ కొలిచి, పేర్లతో సహా బోర్డు మీద రాశారు. గ్రాఫు గీయించారు. ఆ రోజు నుంచి తరగతిలో ఒక అమ్మాయికి మారుపేరు పడింది. ఇంకొక అమ్మాయి మధ్యాహ్న భోజనం మానేసింది. మా అమ్మాయి ఇంటికి వచ్చి "లెక్కలంటే భయం లేదమ్మా, లెక్కల పీరియడ్ అంటే భయం" అంది. ఎదిగే వయసు పిల్లల శరీరాలను కొలతకు పెట్టేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో దయచేసి అది కూడా మాట్లాడండి.

డైట్ అధ్యాపకురాలు | కర్నూలు

అమ్మా, మీరు రాసినది ఈ చర్చలో అన్నిటికంటే ముందు రావలసిన మాట. నేను చెప్పే తరగతుల్లో దీన్ని గట్టి నియమంగా పెట్టాను. బరువు, నడుము, ఛాతీ ఎన్నడూ తరగతి కొలతలు కావు. జాన, మూర, పాదం, అరచేయి, మణికట్టు నుంచి మోచేయి వరకు, ఇవి చాలు. వీటిలో ఎవరిదైనా పెద్దదైనా చిన్నదైనా ఎవరూ ఎగతాళి చేయరు. ఎవరి కొలత వాళ్ళే తీసుకోవాలి, లేదా వాళ్ళు కోరుకున్న స్నేహితులు తీయాలి. అబ్బాయిలు అమ్మాయిలను కొలవడం ఉండదు. చీటీ మీద పేరు ఉండదు, కొలతలు మాత్రమే ఉంటాయి. చీటీలన్నీ డబ్బాలో వేసి కలిపిన తర్వాతే బోర్డు మీదికి. ఎత్తు ఇవ్వడం ఇష్టం లేని పిల్లలు ఇవ్వనక్కర్లేదు, ఇంట్లోవాళ్ళ కొలతలు తెచ్చినా పాఠానికి లోటు లేదు.

భవిత కేంద్రం ఉపాధ్యాయురాలు | నిజామాబాద్

ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేస్తాను. చక్రాల కుర్చీలో ఉన్న పిల్లవాడిని ఇలాంటి రోజున "నువ్వు లెక్కలు రాసిపెట్టు" అని పక్కన కూర్చోబెట్టడం తరచుగా చూస్తాను. అది చాలా అన్యాయం. ఎందుకంటే అనుపాతం ఎవరికి నిజంగా అవసరమో చెప్పగలిగేది అతనే.

నిటారుగా నిలబడలేని వ్యక్తి ఎత్తు డాక్టర్లకు కావలసి వస్తుంది, ఆహారం లెక్క కట్టడానికో, మందు మోతాదుకో. అప్పుడు రెండు చేతులూ బార చాపించి కొలుస్తారు, లేదా మోచేయి నుంచి మణికట్టు ఎముక వరకు ఉన్న పొడవును కొలిచి ఎత్తు అంచనా వేస్తారు. బార పొడవు ఎత్తుకు దాదాపు సమానం కావడమే అందుకు ఆధారం. మా కేంద్రంలో ఒక పిల్లవాడు తన బారను కొలిపించుకుని, "అయితే నేను నిలబడితే మా అన్నంత ఉంటాను" అన్నాడు. ఆ రోజంతా వచ్చినవాళ్ళందరికీ ఆ మాటే చెప్పాడు. చేయి పూర్తిగా చాపలేని పిల్లలకు మోచేతి కొలత, అదీ వీలుకాకపోతే పాదం. ప్రతి బిడ్డకూ తనదైన ఒక కొలత దొరుకుతుంది, వెతకడానికి మనకు ఓపిక ఉండాలి.

అంగన్‌వాడీ కార్యకర్త | శ్రీకాకుళం

మేడమ్‌లకు నమస్కారం. మా కేంద్రంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు దండ చుట్టుకొలత తీస్తాం. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో పట్టీ చుట్టాలి. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే ఎరుపు, 12.5 వరకు పసుపు, ఆపైన ఆకుపచ్చ. ఎరుపు వస్తే తీవ్ర పోషకాహార లోపం, వెంటనే ఆసుపత్రికి పంపాలి. వయసు తేడా ఉన్నా అందరికీ ఒకే అంకె ఎందుకని తల్లులు అడుగుతారు. ఆ వయసులో ఎత్తు, బరువు చాలా పెరిగినా ఆరోగ్యంగా ఉన్న బిడ్డ దండ చుట్టుకొలత పెద్దగా మారదు, అందుకే ఒకే పట్టీ సరిపోతుంది. శరీరంలో అన్నీ ఒకే లెక్కన పెరగవు అని మీ పిల్లలకు చెప్పడానికి ఇది పనికొస్తుందేమో. కొలిచేటప్పుడు పట్టీ బిగించకూడదు, వదులుగానూ ఉండకూడదు. ఒక్క మిల్లీమీటరు తేడాతో బిడ్డ రంగు మారిపోతుంది, అందుకని మా సూపర్‌వైజర్ మా చేత మళ్ళీ మళ్ళీ కొలిపిస్తారు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు | కాకినాడ

అందరి మాటలూ శ్రద్ధగా చదివాను. అంగన్‌వాడీ తల్లి రాసిన చివరి వాక్యం పిల్లలకు తప్పక చెప్పాలి. శ్రద్ధగా కొలవడం ఎందుకో అంతకంటే బాగా చెప్పలేం. ప్రామాణిక కొలతను వదలకుండా, దాని వరకు చేరే దారిగా ఈ పద్ధతి వాడితే నాకు అభ్యంతరం లేదు. అయితే మీటరు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పండి. మనిషి చేతి నుంచి కాక, భూమి నుంచి తీసుకోవాలని 1791లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు నిర్ణయించారు. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ వరకు ఉన్న దూరంలో కోటో వంతు. 1983 నుంచి కాంతి వేగంతో నిర్వచిస్తున్నారు. రాజు చెయ్యి, వ్యాపారి చెయ్యి అన్న తేడా లేకుండా చేసిన పని అది.

భౌతికశాస్త్రం | వరంగల్

మాస్టారూ, మీటరుకు ముందు కూడా ఆ ప్రయత్నం జరిగింది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అంగుళానికి రెండు నిర్వచనాలున్నాయి. ఎనిమిది యవల (బార్లీ గింజల) వెడల్పు ఒకటి, మధ్యస్థంగా ఉండే మనిషి నడిమివేలి నడిమి కణుపు వెడల్పు ఇంకొకటి. "మధ్యస్థంగా ఉండే మనిషి" అనడంలోనే సగటు ఆలోచన ఉంది. 16వ శతాబ్దపు జర్మనీలో జాకబ్ కోబెల్ రాసిన పద్ధతి తరగతిలో నేరుగా చేయించవచ్చు. ఆదివారం చర్చి నుంచి బయటికి వస్తున్న 16 మందిని, పొడుగు పొట్టి చూడకుండా, వచ్చినవాళ్ళను వచ్చినట్టే ఆపి, ఎడమ పాదాలను ఒకదాని వెంట ఒకటి పెట్టించాలి. ఆ మొత్తం పొడవు ఒక కొలకర్ర. దాంట్లో పదహారో వంతు న్యాయమైన అడుగు. మీ తరగతిలో 16 మందిని వరండాలో అలా నిలబెట్టండి. మడమకూ వేలికీ మధ్య సందు లేకుండా నిలబెట్టడానికే చాలాసేపు పడుతుంది, పడనివ్వండి. తాడుతో కొలిచి, తాడును నాలుగుసార్లు సగానికి మడిస్తే పదహారో వంతు వచ్చేస్తుంది, భాగహారం కూడా అక్కర్లేదు. ఇంకో 16 మందితో మళ్ళీ చేయించి రెండు అడుగులను పోల్చండి. ఒక్కొక్కరి పాదాల మధ్య ఉన్నంత తేడా సగటుల మధ్య ఉండదు.

బొటనవేలితో దూరం కొలవడం కూడా నేర్పండి. చెయ్యి ముందుకు చాపి, బొటనవేలు నిలబెట్టి, ఒక కన్ను మూసి చూడాలి. కన్ను మార్చగానే వేలు పక్కకు దూకినట్టు కనిపిస్తుంది. దూరంగా ఉన్న గోడ మీద ఎంత దూకిందో అంచనా వేసి, దాన్ని పదితో హెచ్చిస్తే గోడ వరకు దూరం. కంటి నుంచి వేలి వరకు ఉన్న దూరం, రెండు కళ్ళ మధ్య దూరానికి సుమారు పది రెట్లు ఉండడమే రహస్యం. పిల్లలకు చెయ్యి పొట్టి, కళ్ళ మధ్య దూరం కూడా తక్కువ, అందుకని వాళ్ళకూ పది చుట్టుపక్కలే వస్తుంది. ఒక్కొక్కరూ తమ అసలు నిష్పత్తి కొలుచుకుంటే ఇంకా మంచిది.

గణితాభిమాని | బెంగళూరు

ఎత్తును నాభి ఎత్తుతో భాగిస్తే 1.618, స్వర్ణనిష్పత్తి వస్తుందని చదివాను. అది కూడా చేయించవచ్చు కదా?

డైట్ అధ్యాపకురాలు | కర్నూలు

చేయించకపోవడమే మంచిది. 1.6 దగ్గర ఏదో ఒకటి వస్తుంది, మనిషి మనిషికీ మారుతుంది. ముందే "రావలసిన జవాబు" చెప్పేస్తే పిల్లలు టేపును అటూ ఇటూ జరిపి అదే తెస్తారు. పరీక్షించదగిన పాత మాట కావాలంటే పాదం ఉంది. ఎత్తులో పాదం ఆరో వంతు అని రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రాశాడు. సుమారు 1490లో గీసిన ప్రసిద్ధ చిత్రం మీద లియొనార్డో డావించి ఏడో వంతు అని రాసుకున్నాడు. ఎవరికి దగ్గరగా వస్తుందో పిల్లల చీటీలే చెప్పాలి. ఇద్దరి మధ్యలో పడితే, ఇద్దరికంటే మీ తరగతే బాగా కొలిచిందని వాళ్ళకు చెప్పండి.

లెక్కల టీచర్ | ప్రకాశం జిల్లా

ఇక నా వారం ప్రణాళిక ఇలా మారింది. సోమవారం పాదం, ఎత్తు చీటీలు. కరీంనగర్ తల్లి గారి మాట గుర్తు పెట్టుకుని, పేర్లు లేకుండా, ఇష్టమైనవాళ్ళవే. గ్రాఫు కాగితం మీద అడ్డంగా పాదం, నిలువుగా ఎత్తు చుక్కలు పెట్టిస్తాను. ఇంటి దగ్గరి చిన్నపిల్లలవీ పెద్దవాళ్ళవీ చేరితే చుక్కలు బాగా పరుచుకుంటాయి. దారంతో ఒక గీత చుక్కల మధ్యగా లాగి, అది సున్న దగ్గరికి చేరుతుందో లేదో చూడమంటాను. మంగళవారం వరండాలో 16 పాదాలు. బుధవారం తాళమానం పట్టీలు.

గురువారానికి ఒక లెక్క అనుకున్నాను. విజయవాడలోనూ హైదరాబాద్‌లోనూ ఉన్న అంబేడ్కర్ విగ్రహాలు పీఠం కాకుండా 125 అడుగుల ఎత్తు. తమ పాదం, అరచేయి, ముఖం కొలతలను బట్టి విగ్రహం పాదం ఎంత ఉండవచ్చో, ముఖం ఎంత ఉండవచ్చో పిల్లలు కట్టాలి. ఎత్తులో ఆరున్నర పాదాలు అనుకుంటే బూటు పొడవు 19 అడుగులు దాటుతుంది. దాన్ని బడి ఆవరణలో సున్నంతో గీయించి, ఆ పాదంలో ఎంతమంది నిలబడతారో చూద్దామని ఉంది. ఆళ్ళగడ్డ వారు ఒక్క మాట చెప్పాలి, అంత పెద్ద విగ్రహానికి మామూలు మనిషి నిష్పత్తులే వాడతారా?

శిల్పవిద్య | ఆళ్ళగడ్డ

మంచి ప్రశ్న అడిగారు. కింద నిలబడి తలెత్తి చూసే విగ్రహానికి పైభాగం కుదించుకుపోయినట్టు కనిపిస్తుంది, అందుకని పెద్ద విగ్రహాలకు తలను, పైభాగాన్ని కాస్త పెంచడం శిల్పుల అలవాటు. ఆ రెండు విగ్రహాలకు ఎలా చేశారో నేను దగ్గర నుంచి కొలవలేదు. కాబట్టి పిల్లలు కట్టేది అంచనా అని వాళ్ళకు స్పష్టంగా చెప్పండి. మీ పిల్లలు విజయవాడ వెళ్ళినప్పుడు బొటనవేలు చాపి, వరంగల్ మాస్టారు చెప్పినట్టు ముఖం ఎన్ని వేళ్ళు ఉందో, మొత్తం ఎన్ని వేళ్ళు ఉందో చూసి భాగించమనండి. దగ్గరగా నిలబడితే పాదాలు పెద్దగా, తల చిన్నగా వస్తాయి. వీలైనంత దూరం వెళ్ళి చూడాలి.

దర్జీ | నరసాపురం

టీచరమ్మా, సున్నంతో గీయించేటప్పుడు తాడు వాడితే ముందు దాన్ని నీళ్ళలో తడిపి ఆరబెట్టండి. కొత్త నూలు తాడు తడిస్తే ముడుచుకుంటుంది, మంచు కురిసిన పొద్దున ఒక పొడవు, మధ్యాహ్నం ఒక పొడవు చూపిస్తుంది. మా దుకాణంలో పాత కొలత టేపులు ఉన్నాయి, సాగిపోయినవి తీసేసి మంచివి ఏరి పెడతాను. ఒక పక్క అంగుళాలు, ఒక పక్క సెంటీమీటర్లు ఉన్నవే. అటువైపు వచ్చేవాళ్ళు ఉంటే పంపిస్తాను, ఎన్ని కావాలో రాయండి.

లెక్కల టీచర్ | ప్రకాశం జిల్లా

నలుగురికి ఒకటి చొప్పున పది చాలండీ. మా బంధువు శనివారం భీమవరం వస్తున్నాడు, మీ దుకాణానికి వచ్చి తీసుకుంటాడు. గ్రాఫులు పూర్తయ్యాక చుక్కల కాగితం ఫోటో ఇక్కడే పెడతాను, దారం ఎక్కడ ఆగిందో మీరే చూసి చెప్పండి.